అవతల పడాలె

మొన్న ఆదివారం పొద్దున జనగామ చేపల మార్కెట్టులో ఒక దుకాణం ఆయనతో నాకు చిన్న తగవు అయింది. అంత పెద్ద తగవేమీ కాదు గాని, ఇంటికొచ్చి చాయ్ తాగుతున్నా మనసులో నుంచి పోలేదు కాబట్టి తగవే అనుకోవాలి. మా దిక్కు చేపల మార్కెట్టు సంగతి నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. రవ్వ, బొచ్చె, కొర్రమట్ట, ఎప్పుడన్నా కాసిన్ని చెరువు రొయ్యలు, అంతకు మించి మనం ఎరిగింది లేదు. అయితే ఈ మధ్య ఐసు నింపిన తెల్ల డబ్బాల్లో సముద్రపు చేపలు కూడా దిగుతున్నాయి. ఆ రోజు అలాంటి ఒక డబ్బాలో ఐసు ముక్కల కింద నుంచి నీలం వీపు ఒకటి కనబడింది. మోచేతి పొడుగు ఒళ్లు, వీపు మీద వంకర టింకర నల్లని గీతలు, జొన్న కోసే కొడవలిలా వంపు తిరిగిన తోక, ముందరి రెక్క కింద కాటుక చుక్కలు నాలుగు. కళ్ల కంటే ముందు నా కుడి అరచెయ్యి దాన్ని గుర్తుపట్టింది, ఎందుకో తరువాత చెబుతాను. దుకాణం ఆయన మాత్రం సముద్రం బొచ్చె, సముద్రం బొచ్చె అని కేకేసి దాన్ని అమ్ముతున్నాడు.

తప్పు కనబడితే ఊరుకునే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

“గిది బొచ్చె కాదు నాయినా, దీన్ని సూర అంటరు” అన్నాను.

ఆయన కత్తి ఆపి, “నీకెట్ల ఎరుక అవ్వా? జనగాంల సూరను ఏడ జూసినవ్?” అన్నాడు.

చూసుడు కాదు, పట్టిన అన్నాను. పట్టినవా, కొన్నవా అని అడిగాడు. “కొనుడు కాదయ్యా, పట్టిన. దారం ఇసిరి సముద్రంలకెళ్లి గుంజిన” అన్నాను కొంచెం గట్టిగానే. ఆయన తప్పుగా ఏమీ అనలేదు. పక్కనున్న గిరాకీ దిక్కు చూసి, అవ్వ సముద్రంల చేపలు పట్టిందట అని నవ్వాడు, అంతే. చేపను కొనుక్కుని ఇంటికొచ్చాను గాని ఆ నవ్వు నా వెంటే వచ్చింది. దానికి జవాబుగా ఇది రాస్తున్నాను. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి గొప్పలు చెప్పుకుంటున్నదని ఎవరన్నా అనుకుంటే అనుకోనివ్వండి, ఈ ఒక్క విషయంలో నాకు గొప్పే.

మాది తరిగొప్పుల దగ్గర ఒక చిన్న ఊరు. మాకు వరి తక్కువ, మెట్ట చెలకలు ఎక్కువ, ఆ చెలకల నిండా జొన్న. కంకికి పాలు పట్టిన నాటి నుంచి కోత అయ్యేదాకా పిట్టల కావలి తప్పదు, మా ఇంట్లో ఆ కావలి నాది. చెలక నడుమ నాలుగు గుంజలు పాతి, పైన కట్టెలు పరిచి, దాని మీద జొన్న చొప్ప వేసి నాయిన మంచె కట్టేవాడు. తెల్లారగానే అది ఎక్కి బడి గంట కొట్టేదాకా, మళ్లీ బడి విడిచాక పొద్దు గూకేదాకా అక్కడే నా సంసారం. అమ్మ కట్టిచ్చిన జొన్న గట్క సత్తు గిన్నెలో, మజ్జిగ చెంబులో, ఎంత ఆకలైనా చిలుకలు లేచిపోయేదాకా గిన్నె మూత తీయకూడదని నాకు నేనే పెట్టుకున్న కట్టుబాటు ఒకటి. అప్పటి గట్క రుచి గురించి రాయడం మొదలుపెడితే చేప దగ్గరికి చేరడం కష్టం, కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేస్తాను.

ఒడిసెల అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు బొమ్మ గీసి చూపించాలి. జనపనారతో అల్లిన రెండు తాళ్లు, వాటి నడుమ రాయి పెట్టుకోవడానికి చిన్న జోలె. ఒక తాడు కొసను వేలికి తగిలించుకుని, రెండో కొసను అదే చేతి వేళ్ల నడుమ నొక్కి పట్టుకుని, తల మీద ఒక్క చుట్టు తిప్పి ఆ రెండో కొసను వదిలితే రాయి ఎంత దూరం పోతుందో నా ఈడు వాళ్లకే తెలుసు. నాకు ఆ విద్య నాయిన నేర్పాడు. ఏడేళ్ల పిల్లనై, చిలుకల గుంపు కనబడగానే దాని నడుమకే గురి చూసి వేస్తుంటే ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

“పిట్ట మీద ఎయ్యొద్దు బిడ్డా. దానికీ ఆకలే, మనకూ ఆకలే. రాయి దాని నెత్తి మీదికెళ్లి పోయి అవతల పడాలె.”

ఆయన మాటలో దయ ఎంత ఉందో లెక్క కూడా అంత ఉంది. గుంపు నడుమ రాయి పడితే నాలుగు కంకులు విరుగుతాయి, పిట్టలు చెదిరి నాలుగు మూలలా పడి మన చెలకలోనే మళ్లీ వాలుతాయి. అదే రాయి తలల మీదుగా బుయ్యిమని పోయి చెలక అవతలి బీడులో పడితే, గద్ద వచ్చిందనుకుని గుంపుకు గుంపు ఒక్కసారే లేచిపోతుంది, కంకీ దక్కుతుంది, పిట్టా బతుకుతుంది. అందుకని మా నాయిన దగ్గర నేర్చుకున్న వాళ్లెవరూ గుంపును చూసి వేయరు, గుంపు అవతల ఉన్న చోటును చూసి వేస్తారు. పదేళ్లు వచ్చేసరికి మా చెలక మంచె మీద నుంచి మూడో చెలక గట్టు మీద ఉన్న మోదుగ చెట్టుకు రాయి తగిలించేదాన్ని. రాయితో పాటు గొంతు కూడా అంత దూరమూ పోయేది. నేను హో అని ఒక్క కేక వేస్తే దూరాన చెరువు కట్ట మీద పోయే వాళ్లు ఆగి చూసేవాళ్లు.

నేను పదో తరగతి దాటి, హన్మకొండలో మా మేనత్త ఇంట్లో ఉండి ఇంకొంచెం చదివి, టెలిఫోన్ ఆపరేటర్ల పరీక్ష రాస్తే ఉద్యోగం వచ్చింది. ఎక్కడో కాదు, విశాఖపట్నం దాటి సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్నంలో. పెండ్లి కాని ఆడపిల్లను అంత దూరం పంపుతావా అని మా పెదనాయినలూ, మేనమామలూ నాయినను చుట్టుముట్టారు. టేకుమట్లలో ఇచ్చిన మా అక్క కూడా బస్సెక్కి వచ్చి, చెల్లెను పంపొద్దని ఏడ్చిపోయింది. నాయిన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందరూ చెప్పింది విని, “నా బిడ్డ గొంతు మూడు చెలకలు దాటి ఇనవడ్తది. గొంతుతోటి చేసే కొలువు దానికి గాక ఎవలికిస్తరు?” అన్నాడు. ఆ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని నన్ను రైలెక్కించాడు.

తీరా చూస్తే అక్కడ నాకు అక్కరకు రాకుండా పోయింది ఆ గొంతే. ఆ రోజుల్లో వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసుకుని ఎదురుచూడాలి, ఆ కాల్ కలిపేది మేము. హెడ్‌సెట్ పెట్టుకుని మొదటి రోజు “ఏ నంబర్ గావాలె?” అన్నాను. అవతల, పక్కన ఎవరినో పిలిచి వినిపిస్తున్నట్టు నవ్వు. జర ఆగుండ్రి అంటే నవ్వు, లైను కలుస్తలేదు అంటే నవ్వు. సినిమాల్లో మా మాట మాట్లాడే మనిషి కనిపిస్తే నవ్వాలని వాళ్లకు ముందే అలవాటై ఉంది, వాళ్ల తప్పు కూడా ఎంతని చెప్పను. ట్రంకు కాల్ అడిగితే కామెడీ వినిపిస్తున్నారని ఒక పెద్దమనిషి ఫిర్యాదు రాసి ఇచ్చాడు. మా సూపర్‌వైజరమ్మ చెడ్డది కాదు గాని, ఇరవై వాక్యాలు ఒక కాగితం మీద రాసిచ్చి, ఇవి తప్ప ఇంకొక్క మాట మాట్లాడవద్దు అంది. ఆ వాక్యాలు పలుకుతుంటే నా నోట్లో వేరెవరిదో నాలుక పెట్టుకున్నట్టు ఉండేది. క్రమంగా ఆ ఇరవై కూడా గొంతులోనే ఆగడం మొదలైంది, గట్టిగా చెప్పమ్మా అని అవతలి వాళ్లు విసుక్కునేదాకా వచ్చింది. మూడు చెలకల దూరం వినబడే గొంతు తీగలో పెట్టినా వినబడడం లేదన్నమాట. దసరా దాటిన కొద్ది రోజులకు, ఇక నా వల్ల కాదని ఇంగ్లీషులో రాజీనామా ఉత్తరం రాసి మడిచి పెట్టుకున్నాను. సూపర్‌వైజరమ్మ వారం పైగా సెలవులో ఉంది, ఆమె తిరిగొచ్చే సోమవారం ఇవ్వాలి. ఇస్తే నాకు హాయే, కాని చుట్టాలందరి ముందూ నాయిన అన్న మాట పడిపోతుంది, అది తలచుకుంటే అన్నం దిగేది కాదు.

నేను అద్దెకున్న ఇంటి ఓనరు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకూ, ఆయన ముగ్గురు స్నేహితులకూ ఆదివారం అంటే చేపల వేట. బతుకుతెరువు కోసం కాదు, వట్టి సరదా. ఆ ముగ్గురిలో ఒకాయన కాంపౌండరు, ఒకాయన డ్రాయింగు మాస్టారు, ఇంకొకాయన దర్జీ. నలుగురూ టోపీలు పెట్టుకుని, దారాలూ గేలాలూ సంచుల్లో వేసుకుని, ఊరి చివర సముద్రంలోకి చొచ్చుకుని ఉన్న నల్ల బండల మీదికి చేరేవాళ్లు. పట్టిన చేపను అమ్మడం వాళ్లకు నామోషీ. పంచుకోవడం, లేదంటే దారిన పోయే వాళ్లకు ఇవ్వడం, అంతే. ఓనరమ్మ వెనకాలే ఇడ్లీల క్యారేజీ పట్టుకుని వెళ్లేది, గదిలో ఒక్కదాన్నే కూచుని మొహం వేలాడేసుకున్నానని ఆ ఆదివారం నన్ను కూడా లాక్కుపోయింది.

వాళ్ల ఆరాటమంతా సూర కోసం. కార్తీకంలో సముద్రం కొంచెం నెమ్మదించి నీళ్లు తేటపడ్డాక, కవళ్లనే చిన్న చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డు దగ్గరికి వస్తాయి, వాటిని తరుముకుంటూ సూరలు వస్తాయి. సూర పెద్ద చేప కాదు గాని దాని వేగం చెప్పనలవి కాదు, ఇక్కడ తోక మెరిసింది అనుకునే లోపల అక్కడ నీళ్లు ఎగిసిపడతాయి. వాటి మీద తెల్ల పిట్టలు గోల చేస్తూ తిరుగుతాయి, కవళ్లు ప్రాణభయంతో నీళ్ల మీదికి ఎగిరితే పైనుంచి పిట్టలు, కింద నుంచి సూరలు. ఇదంతా బండలకు యాభై అరవై గజాల్లో జరుగుతుంది, మా ఓనరు దారం పోయేది ముప్ఫై నలభై గజాలు. కాంపౌండరు గారి దగ్గర ఓడల వాళ్లిచ్చిన రీలు కర్ర ఒకటుండేది, దాని దారానికి కట్టిన సీసపు గుండు కొంచెం దూరం పోయేది గాని గుంపు నడుమ దభీమని పడేది, మరుక్షణం సూరలన్నీ మాయం. ఏడాదికి ఒకటో రెండో ఎవరి అదృష్టం కొద్దీ వాళ్లకు తగిలితే ఆ ఏడంతా ఆ కథే చెప్పుకునేవాళ్లు.

ఆ పొద్దున నేను సముద్రాన్ని చూడడం లేదు, పిట్టలను చూస్తున్నాను. పిట్టల గుంపు ఎటు ఒరుగుతుందో, ఎక్కడ వాలబోతుందో చూడడం నాకు బడి కంటే ముందు వచ్చిన చదువు. సీసపు గుండు మళ్లీ గుంపు నడుమ పడింది, మళ్లీ అంతా చెదిరింది. నెలల తరబడి మూసుకున్న నా నోరు ఆ క్షణాన దానంతట అదే తెరుచుకుంది.

“అయ్యో, నడిమిట్ల ఎయ్యొద్దు! అవతల పడాలె, అవతల!”

నలుగురూ వెనక్కి తిరిగి చూశారు. దర్జీ గారు పడాలె, పడాలె అని రాగం తీశారు. ఓనరు గారు నవ్వుతూ, “ఏటమ్మా, మీ జనగాంలో సముద్రం ఉందేటి?” అన్నారు. ఎక్స్ఛేంజిలో విన్న నవ్వే ఇక్కడా వినబడేసరికి నాకు ఏడుపు రావాలి, కాని కోపం వచ్చింది. ఎందుకంటే అక్కడ తప్పు నాది కావచ్చునేమో అని అనుమానం ఉండేది, ఇక్కడ తప్పు ఖచ్చితంగా వాళ్లది. ఓనరమ్మ క్యారేజీ మూత పెట్టి, “నవ్వుతారేటి? ఓపాలి ఆ పిల్లకియ్యండి సూద్దాం” అంది.

క్యారేజీ కట్టిన నార తాడు విప్పి, ఓనరమ్మ చేతిగుడ్డ నడుమ కట్టి, అక్కడికక్కడే ఒక ఒడిసెల చేసుకున్నాను. దారాన్ని తడిపిన తుండు మీద చుట్టలు చుట్టలుగా పరిచి, సీసపు గుండును జోలెలో పెట్టాను. దాని వెనుక మూరెడు దూరాన గేలం, గేలానికి కోడి ఈక, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం. గేలం ఎవరికీ గుచ్చుకోకుండా అందరినీ దూరం జరగమని చెప్పి, చీర కొంగు బొడ్డులో దోపి, పిట్టలకు అవతల ఖాళీగా ఉన్న నీళ్లను గురి చూసి ఒక్క చుట్టు తిప్పి వదిలాను. దారం సర్రున లేచి, పిట్టల కింద నుంచి పోయి, గుంపు దాటి చాలా అవతల పడింది. నా వెనకాల ఎవరూ నవ్వలేదు. దారాన్ని గబగబా లాగడం మొదలుపెట్టాను, వెండి కాగితం గుంపు నడుమకు వచ్చిందో లేదో, నా చేతిలో ఒక్క గుంజు.

ఇక్కడే మా దిక్కు వాళ్లు మాత్రమే చేసే తప్పు చేశాను. బర్రె గుంజితే తలుగును అరచేతికి రెండు చుట్లు చుట్టి కాళ్లు పాతి నిలబడడం మాకు అలవాటు, చెయ్యి తనంతట తాను అదే పని చేసింది. బర్రె ఎంత గుంజినా బర్రె పరుగే పెడుతుంది. సూర ఆగదు, తిరగదు, దారం ఎంతుంటే అంత దూరం ఒక్క ఊపున పోతుంది. నైలాన్ దారం నా అరచేతిలోకి కత్తిలా దిగి, టప్పున తెగింది. తెగకపోతే వేళ్లు తెగేవి. రక్తం చూసి ఓనరమ్మ కెవ్వుమంది, కాంపౌండరు గారు వేట మాని నా చేతికి కట్టు కట్టడంలో పడ్డారు.

“సేతికి సుట్టుకున్నావేటమ్మా! గేదె అనుకున్నావా?” అని ఓనరు గారు నిజంగానే భయపడి కసిరారు. “మాకాడ గట్లనే పట్టుకుంటం” అన్నాను, నొప్పికి కళ్ల నీళ్లు కారుతున్నా నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. అయితే ఆ నవ్వు వేరు.

ఆ వారం మా ఇంట్లో జరిగిన హడావుడి పెండ్లి పనుల కంటే తక్కువేం కాదు. ఓనరు గారు రోజూ సాయంత్రం అరుగు మీద కూచుని కొత్త దారం ఒక చెక్క ముక్కకు చుట్టేవారు, చేప పరుగు పెట్టినప్పుడు వేళ్ల సందున దారాన్ని ఎంత వదలాలో, అది అలసినప్పుడు ఎంత లాగాలో నాకు చెప్పేవారు. దర్జీ గారు పాత కాన్వాసు గుడ్డతో నా రెండు వేళ్లకు తొడుగు కుట్టి తెచ్చారు. నేను ఓనరమ్మ బావి తాడు నారతో సరైన ఒడిసెల అల్లుకున్నాను. ఇన్నాళ్లూ ఇరవై వాక్యాలు దాటని నేను ఆ అరుగు మీద గంటల తరబడి మాట్లాడుతున్నానని, అది కూడా నా మాటలోనే మాట్లాడుతున్నానని అప్పుడు గమనించలేదు. సంచిలో రాజీనామా ఉత్తరం మాత్రం అలాగే ఉంది, సోమవారం దగ్గర పడుతోంది. ఆదివారం ఆ చేప పడకపోతే సోమవారం ఉత్తరం ఇచ్చేయాలని, పడితే ఉండిపోవాలని లోపల్లోపల ఒక మొండి పంతం పట్టాను. చేపకూ కొలువుకూ సంబంధం ఏమిటని అడగకండి, పంతం పంతమే.

ఆదివారం పొద్దున గాలి లేదు, సముద్రం చెరువులా ఉంది, చాలాసేపు పిట్టలే లేవు. ఇడ్లీలు అయిపోయాయి, ఎండ ఎక్కింది, నా కట్టు కింద చెయ్యి సలుపుతోంది. డ్రాయింగు మాస్టారు ఇక లేద్దామని సంచి సర్దుకుంటుండగా ఎడమ పక్కన రెండు పిట్టలు ఒరిగాయి, తరువాత పది, తరువాత లెక్కలేనన్ని. మొదటి రెండు సార్లు నా సీసపు గుండు గుంపుకు ఇవతలే పడింది, చేతి నొప్పికి తిప్పుడు సరిగ్గా రాలేదు. మూడోసారి కట్టు కింద నొప్పిని మరిచిపోయి, మా చెలకలో మోదుగ చెట్టును చూసినట్టే ఖాళీ నీళ్లను చూసి వదిలాను. పడాల్సిన చోట పడింది. నాలుగు బారలు లాగానో లేదో దారం బిగిసింది, ఓనరు గారి చేతిలో చెక్క గిరగిరా తిరిగింది. ఇడిసిపెట్టు, ఇడిసిపెట్టు అని ఆయన అరుపు, వేళ్ల సందున కాన్వాసు తొడుగు వేడెక్కి కాలుతోంది, దారం కుడికి పోయింది, ఎడమకు పోయింది, ఒకసారి తెగినట్టే వదులైంది, నా ప్రాణం అక్కడే పోయింది, మళ్లీ బిగిసింది. ఎంతసేపో తెలియదు. చివరికి బండ కింద నురుగులో నీలంగా మెరిసింది, కాంపౌండరు గారు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి రెండు చేతులా ఎత్తి బండ మీద వేశారు. అది తోకతో బండను కొట్టిన చప్పుడు, మేళగాడు డోలు మీద వేళ్లు ఆడించినంత వేగంగా, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మూడు కిలోల పైన తూగింది. ఆ బండల మీద ఒక ఆడది పట్టిన మొదటి సూర అదేనని ఓనరమ్మ అప్పటికప్పుడు తీర్మానం చేసేసింది.

ఓనరు గారు టోపీ తీసి, చెమట తుడుచుకుని, “ఏటన్నావమ్మా ఆయేళ? ఎక్కడ పడాలన్నావు? మళ్లీ ఓపాలి సెప్పు” అన్నారు. ఆయన మొహంలో వెక్కిరింత లేదు, విద్య అడిగే మనిషి మొహం అది.

“అవతల పడాలె” అన్నాను. గొంతు తగ్గించలేదు, చెలకలో అన్నట్టే అన్నాను.

డ్రాయింగు మాస్టారు అవతల పడాలె అనుకుంటూ దారం విసిరారు. దర్జీ గారు కూడా అనుకున్నారు, ఈసారి రాగం తీయలేదు. ఆ పొద్దు ఇంకా రెండు సూరలు పడ్డాయి, ఒకటి ఓనరు గారికి, ఒకటి దర్జీ గారికి. ఆ రోజు నుంచి ఆ నలుగురూ దారం విసిరినప్పుడల్లా నోటితో ఆ మాట అనుకోవడం ఆచారమైపోయింది, పడాలి అని సవరించిన వాళ్లు ఒక్కరూ లేరు.

సోమవారం హెడ్‌సెట్ పెట్టుకుని, ఆ ఇరవై వాక్యాల కాగితాన్ని సొరుగులో బోర్లించి, “జర ఆగుండ్రి, కలుపుతున్న” అన్నాను. సూపర్‌వైజరమ్మ తలెత్తి చూసింది. నేను కూడా చూశాను. ఆ ఒక్క పూట నేను కలిపిన కాల్స్ అంతకు ముందు వారమంతా కలిపినన్ని ఉంటాయి, ఆ లెక్క చూసుకుని ఆమె తన పనిలో పడింది. నవ్విన వాళ్లు నవ్వారు, వాళ్ల నవ్వు అయిపోయేదాకా ఆగి నంబర్ అడిగేదాన్ని. ఏడాది తిరగకుండానే, జర ఆగుండ్రి అనే అమ్మాయి ఉందా, ఆవిడైతే తొందరగా కలుపుతుంది అని అడిగే వాళ్లు తయారయ్యారు. ఆ ఫిర్యాదు రాసిన పెద్దమనిషి కూడా ఒకసారి అలా అడిగాడు. గొంతు గుర్తుపట్టి, ఒక్క క్షణం తీరిగ్గా సంతోషపడి, కలిపాను.

చేప సంగతి నాయినకు వెంటనే రాయాలనిపించి, చేతికందిన కాగితం మీద రాసి పోస్టు డబ్బాలో వేశాను. వేశాక గుర్తొచ్చింది, అది రాజీనామా ఉత్తరం వెనుక పక్క. వారం రోజులు నిద్ర లేదు. నాయినకు చదువు రాదు, ఉత్తరాలన్నీ బడి సారుతో చదివించుకుంటాడు. పది రోజులకు సారు చేత రాయించిన కార్డు వచ్చింది. అందులో ముందు పంటల సంగతి, అక్క సంగతి, చివర రెండు ముక్కలు నాయిన చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. “ఎనుక పక్క చేప కత రెండుసార్లు చదివిపిచ్చుకున్న. ముందటి పక్క ఇంగిలీసుల ఏందో ఉన్నదట, సారు చదువుత అంటే నేనే అక్కర లేదన్న.” ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి గాని నాకు చదవాల్సిన పని లేదు.

మరుసటి ఏడు నాయిన వచ్చాడు. బండ మీద గొంతుక్కూచుని, సముద్రాన్ని ఒక పెద్ద చెలకను చూసినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు, నేను సూర పడుతుంటే ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి ఊరికి పోయాక మాత్రం ఆ చేపను లేగదూడంత చేసి తరిగొప్పుల సంతలో చెప్పాడట. చుట్టాలందరినీ పేరు పేరునా పిలిచి, నా బిడ్డ గొంతు సంగతి మీకు అప్పుడే చెప్పిన గదా అన్నాడట.

నేను అక్కడ తొమ్మిదేళ్లు చేసి, పెండ్లయ్యాక మానుకోటకు, అక్కడి నుంచి భూపాలపల్లికి, చివరికి జనగామకు బదిలీల మీద తిరిగాను. ఆ నలుగురు పెద్దమనుషులూ ఇప్పుడు లేరు, నాయినా లేడు, కాల్ కలిపే కొలువే ఎవరికీ తెలియకుండా పోయింది. మా చెలకల్లో జొన్న పోయి పత్తి వచ్చింది, పత్తిని పిట్టలు తినవు కాబట్టి మంచె లేదు, ఒడిసెల లేదు. మొన్న మా తమ్ముడి కొడుకు మక్క చేను చుట్టూ తళతళలాడే ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టాడు, మైకులో కుక్క మొరుగుడు పెట్టాడు. మంచిదే, పిల్లలు బడిలో ఉన్నారు, నేను తప్పు పట్టను. నా భుజం ఇప్పుడు తల పైకి లేవదు. కుడి అరచేతిలో అడ్డంగా ఉన్న ఆ గీత మాత్రం వాన ముసురు పట్టిన రోజు ఇంకా సలుపుతుంది, సూరను చూసిన రోజు కూడా సలుపుతుందని మొన్న తెలిసింది.

మార్కెట్టులో తగవు అయిన సాయంత్రం మనసాగక ఓనరమ్మ కూతురికి ఫోన్ చేశాను, ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇప్పుడు ఆ బండల మీద కొత్త కొత్త రీళ్లతో, నల్ల కళ్లద్దాలతో వేరే ఊళ్ల నుంచి కూడా వచ్చి సూరల వేట ఆడుతున్నారట, చేపను ఫోటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తున్నారట. మాటల్లో మాటగా ఆమె ఒక సంగతి చెప్పింది. వాళ్లు దారం విసిరేటప్పుడు అవతల పడాలె అని అరుస్తారట. అదేం మాట, ఎవరిది అని ఒకతన్ని అడిగితే, ఏమోనమ్మా, ఈ సముద్రం మీద పాతకాలం నుంచీ ఉన్న మాట అన్నాడట.

మా ఊరి చెలకల్లో ఇప్పుడు ఆ మాట అనే వాళ్లు ఒక్కరూ లేరు. మా నాయిన నా మణికట్టు పట్టుకుని చెప్పిన మాట మూడు చెలకలు కాదు, ఎన్నో ఊళ్లు దాటి పోయి, ఆయన అన్నట్టే అవతల పడింది.